పక్కూరే కదా అనుకోకండి: సరిహద్దు ఒడిశా కాలేజీల్లో మొదటి సెమిస్టర్

ఇచ్ఛాపురం, పాతపట్నం, పార్వతీపురం, సాలూరు వైపు నుంచి బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్ కాలేజీలకు పిల్లలు వస్తుంటారు. ఒడిశాలోనే పుట్టి ఇంట్లో తెలుగు, వీధిలో ఒరియా మాట్లాడేవాళ్లూ అక్కడే చేరతారు. ఇద్దరికీ మొదటి సెమిస్టర్‌లో దెబ్బ తగిలేది ఒకచోటే: దగ్గరే కదా అనే ధీమా దగ్గర. ఇల్లు దగ్గరే కాబట్టి ప్రతి శనివారం వెళ్లిపోవచ్చు అనుకుంటారు. భాష కూడా దగ్గరే, సగం మాటలు సంస్కృతమే కాబట్టి అదే వస్తుందిలే అనుకుంటారు. హైదరాబాదో భువనేశ్వరో వెళ్లినవాడు మొదటి రోజు నుంచే జాగ్రత్తగా ఉంటాడు. పక్కూరు వచ్చినవాడికి ఆ జాగ్రత్త నవంబరులో గాని రాదు. అప్పటికి హాజరు పోయి ఉంటుంది.

కాగితాల పని పదిహేను రోజుల్లో తెమల్చండి

ప్లస్ టూ ఒడిశా బోర్డులో చదివితే కాలేజీ వదిలినట్టు ఇచ్చే సీఎల్‌సీ, మార్కుల మెమో, కాండక్ట్ సర్టిఫికెట్‌తో సరిపోతుంది. ఇంటర్ ఆంధ్రాలో చదివి వచ్చినవాళ్లకు టీసీతో పాటు మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. అది లేకపోయినా అడ్మిషన్ ఇస్తారు, ‘తర్వాత తెచ్చివ్వండి’ అంటారు. ఆ ‘తర్వాత’ దగ్గరే మోసం. యూనివర్సిటీ రిజిస్ట్రేషన్ నంబరు రావాలంటే మైగ్రేషన్ కావాలి, పరీక్ష ఫారం నింపాలంటే రిజిస్ట్రేషన్ నంబరు కావాలి. ఒకటి ఆగితే వెనకాలవన్నీ ఆగుతాయి. చేరిన వారంలోనే ఇంటర్ బోర్డుకు దరఖాస్తు పెట్టేయండి. ఒరిజినల్ కాలేజీలో ఇచ్చేముందు మూడు జిరాక్సులు, ఒక స్కాన్ కాపీ ఉంచుకోండి. ఇచ్చినదానికి రసీదు అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు, అక్కడ అందరూ అడుగుతారు.

తర్వాతది పేరు గొడవ. మన వైపు ఇంటిపేరు ముందు, పేరు వెనక. ఒడిశాలో పేరు ముందు, ఇంటిపేరు వెనక. పదో తరగతి మెమోలో ఒక వరస, ఆధార్‌లో ఇంకో వరస, బ్యాంకులో ఇంటిపేరుకు బదులు ఒక్క అక్షరం, ఇలా మూడు రకాలుగా ఉన్నవాళ్లు చాలామంది. ఇప్పుడు పాసైన పేపర్లకు వచ్చే క్రెడిట్లన్నీ ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఐడీ అనే 12 అంకెల ఖాతాలో జమవుతున్నాయి. డిజీలాకర్‌లో ఆ ఖాతా తెరిచేటప్పుడు పేరు, పుట్టినతేదీ ఆధార్ నుంచి వస్తాయి. కాలేజీ రికార్డులోని పేరు దానితో కలవకపోతే మార్కులు మీ ఖాతాకు ఎక్కవు. పదో తరగతి మెమోలోని పేరే అసలు అనుకుని ఆధార్‌ను దానికి సరిచేయించుకోండి. మెమో మార్పించడం కన్నా ఆధార్ మార్పించడమే తేలిక. అది అయ్యాకే ఏబీసీ ఐడీ తెరవండి.

కులం సర్టిఫికెట్ దగ్గర చాలామంది అమాయకంగా పడిపోతారు. ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాజ్యాంగంలోని 341, 342 అధికరణల కింద రాష్ట్రానికొకటి ఉంటాయి. ఆంధ్రాలో తహసీల్దారు ఇచ్చిన కాగితంతో ఒడిశాలో రాష్ట్ర కోటా సీటు గాని, రాష్ట్ర స్కాలర్‌షిప్ గాని అడగలేం. రెండు వైపులా జాబితాలో ఒకే పేరు ఉన్నా అంతే. కుటుంబం ఏ రాష్ట్రంలో ఉంటోందో ఆ రాష్ట్రం పోర్టల్‌లోనే దరఖాస్తు పెట్టాలి. రెండు రాష్ట్రాలూ మావే అనే కొఠియా పల్లెల్లాంటి చోట్ల రెండు వైపుల కార్డులూ ఉన్న ఇళ్లున్నాయి. అలాంటివాళ్లు ఒకటే ఎంచుకోండి, రెండు చోట్లా పెడితే ఆధార్ దగ్గర దొరికిపోతారు.

స్కాలర్‌షిప్ డబ్బు మీరు ఫారంలో రాసిన ఖాతాలోనే పడుతుందనుకోకండి. ఆధార్ ద్వారా పంపే డబ్బు, ఆధార్‌ను చివరిసారిగా ఏ బ్యాంకుకు సీడింగ్ చేశారో, అంటే ప్రభుత్వ డబ్బు వచ్చే ఖాతాగా ముడిపెట్టారో, ఆ ఖాతాకే పోతుంది. ఊళ్లో అమ్మ తెరిపించిన పాత ఖాతా వాడకం లేక మూతపడి ఉంటే డబ్బు వెనక్కి పోతుంది. బ్యాంకుకు వెళ్లి ‘ఆధార్ లింక్ అయ్యిందా’ అని అడిగితే చాలదు. డీబీటీ అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటం. ‘డీబీటీ సీడింగ్ ఏ బ్యాంకుకు ఉంది’ అని అడగండి. ఆ రెండూ వేరు.

ర్యాగింగ్ వ్యతిరేక అఫిడవిట్ విద్యార్థి ఒకటి, తల్లో తండ్రో ఒకటి ఇవ్వాలి. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం ఇది తప్పనిసరి. ఉచిత హెల్ప్‌లైన్ 1800-180-5522ను ఫోన్లో దాచుకోండి. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపెట్టొద్దంటే పెట్టరు.

సోమవారం లెక్క

ఒక క్రెడిట్ అంటే 15 గంటల పాఠం, ప్రాక్టికల్ అయితే 30 గంటలు. నాలుగు క్రెడిట్ల థియరీ పేపరు 60 గంటలు, అంటే వారానికి నాలుగు చొప్పున 15 వారాలు. మామూలుగా అడిగే హాజరు 75 శాతం, అంటే 45 క్లాసులు. మీ చేతిలో ఉన్నవి 15.

ఇప్పుడు చూడండి. శనివారం సాయంత్రం బస్సెక్కి, ఆదివారం అమ్మ చేతి కూర తిని, ‘పొద్దున్నే వెళ్లొచ్చులే బాబూ’ అంటే సరేనని ఆగి, సోమవారం పదకొండింటికి కాలేజీకి చేరారు. సోమవారం మొదటి పీరియడ్ ఏ పేపరుదో, దానికి వారానికి ఒకటి పోయింది. 15 వారాలకు 15. మిగిలిన క్లాసులన్నీ కూర్చున్నా సరిగ్గా 75 దగ్గర నిలబడతారు. ఆ మీద ఒక్క జ్వరం, ఒక్క పెళ్లి, ఒక్క బస్సు ఆలస్యం వస్తే గీత కిందికి జారతారు. హాజరు తక్కువైనవాళ్లలో చాలామంది క్లాసులు ఎగ్గొట్టి సినిమాలకు పోయినవాళ్లు కాదు. ఇంటికి వెళ్లొచ్చినవాళ్లే.

కాబట్టి టైంటేబుల్ చేతికి రాగానే చూడాల్సింది సోమవారం ఉదయం, శనివారం మధ్యాహ్నం ఏ పేపర్లు పడ్డాయో. సోమవారం ఉదయం ప్రాక్టికల్ ఉంటే ఇంకా కష్టం. అది రెండు మూడు గంటల బ్యాచ్, ఒకటి పోతే మళ్లీ పెట్టరు. మొదటి నాలుగు వారాలు ఇంటికి వెళ్లకండి. దిగులుగా ఉంటుంది, నిజమే. కానీ ఆ నాలుగు వారాల్లోనే స్నేహాలు కుదురుతాయి, లెక్చరర్లకు మొహాలు గుర్తుపడతాయి, మెస్ తిండికి నాలుక అలవాటు పడుతుంది. తర్వాత నెలకోసారి, అదీ ఆదివారం రాత్రికే తిరిగొచ్చేటట్టు వెళ్లండి. నోట్‌బుక్ చివరి పేజీలో పేపరుకో గీత గీసి, పోయిన క్లాసుకో చుక్క పెట్టుకోండి. ఎనిమిదో చుక్కకు ఆగిపోవాలి. మిగతా ఏడు జ్వరానికి, తుఫానుకు దాచుకోవాలి.

రోజూ ఇంటి నుంచి తిరిగేవాళ్లకు ఇంకో మాట. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి బరంపురం వచ్చేవాళ్లు హౌరా-చెన్నై లైను మీద ఉన్నారు. నౌపడా-గుణుపురం లైను పర్లాకిమిడి మీదుగా పోతుంది. 150 కిలోమీటర్ల లోపు రైల్వే సీజన్ టికెట్ దొరుకుతుంది, విద్యార్థులకు అందులో సగం రాయితీ ఉంది. కాలేజీ నుంచి సంతకం, ముద్ర ఉన్న ఫారం తీసుకెళ్లాలి. టికెట్ చవకే, కానీ మొదటి పీరియడ్‌కు పది నిమిషాల ముందు చేర్చే బండిని నమ్ముకోవద్దు. దానికి ముందు బండి ఎక్కండి. లేదంటే మీ హాజరు స్టేషన్ మాస్టారు చేతిలో ఉన్నట్టే.

ఒరియా: చెవికి దగ్గర, కంటికి దూరం

గంజాం, కొరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నవే. అందుకే బజారులో తెలుగుతో బతికేయొచ్చు. బండి మీద ఇడ్లీ తెలుగులోనే అడగొచ్చు. కాలేజీ ఆఫీసులో, నోటీసు బోర్డు ముందు మాత్రం అది సాగదు. అక్కడ మాట ఒరియాది, ముఖ్యమైన కాగితం ఒక్కోసారి ఒరియాలో మాత్రమే ఉంటుంది.

మొదట అంకెలు నేర్చుకోండి, ఒక్క సాయంత్రం పని. ఒరియా 2, 3 అంకెలు మన పాత తెలుగు ౨, ౩ లాగానే ఉంటాయి. 4 మాత్రం మోసం చేస్తుంది, పైన మూత లేని ఇంగ్లీషు 8లా కనిపిస్తుంది. 4వ తేదీని 8 అనుకుని ఫీజు గడువు పోగొట్టుకోవడానికి ఈ ఒక్క పొరపాటు చాలు.

తర్వాత అక్షరాలు. వరస మన వర్ణమాలదే: క ఖ గ ఘ, చ ఛ జ ఝ. ఒరియా అక్షరాల్లో చాలావాటికి పైన ఒకేలాంటి గుండ్రటి గొడుగు ఉంటుంది. కొత్తవాళ్ల కన్ను ఆ గొడుగు మీదే ఆగిపోయి అన్నీ ఒకటేలా కనిపిస్తాయి. గొడుగు వదిలేసి కింది సగం చూడండి, తేడా అక్కడే ఉంది. రోజుకు ఇరవై నిమిషాలు, అయిదేసి అక్షరాల చొప్పున పెట్టుకుంటే మూడు వారాల్లో బస్సు బోర్డులు, కొట్ల పేర్లు చదివేస్తారు. ఒకటో తరగతి ఒరియా వాచకం కొనుక్కుంటే చాలు, కోచింగ్ అక్కర్లేదు.

హాజరు పిలిచేటప్పుడు మీ పేరు మీకే తెలియకపోవచ్చు. ఒరియాలో అక్షరంలోని ‘అ’ను ‘ఒ’కు దగ్గరగా పలుకుతారు. ‘వ’ చాలాచోట్ల ‘బ’ అవుతుంది, మాట మొదటి ‘య’ ‘జ’ అవుతుంది. రమణ ‘రొమొణొ’ అవుతాడు, వంశీ ‘బొంశీ’ అవుతాడు, యమున ‘జొమునా’ అవుతుంది. మొదటి వారం ‘ఎస్ సార్’ అనలేక హాజరు పోగొట్టుకునేవాళ్లు ఏటా ఉంటారు. ముందువాడి పేరేమిటో గుర్తు పెట్టుకోండి, దాని తర్వాత వచ్చేది మీదే.

ఇక అసలు గొయ్యి ఒకేలా వినిపించి అర్థం మారే మాటలది. పూర్తిగా తెలియని భాషలో అయితే ఎవరినైనా అడుగుతాం. ఇక్కడ తెలుసనుకుని అడగం, తప్పు అక్కడే జరుగుతుంది.

‘ఆబేదన’ అంటే మన ఆవేదన కాదు, దరఖాస్తు. ‘బిజ్ఞప్తి’ అని బోర్డు మీద ఉంటే ఎవరో విన్నవించుకుంటున్నారని వదిలేయకండి, అది అధికారిక నోటీసు. ‘శిక్షా’ అంటే చదువు. ‘శిక్షా బిభాగ’ అంటే విద్యాశాఖ, దండించే శాఖ కాదు. ‘ఉపన్యాస’ అంటే నవల. సాహిత్యం పేపరులో ‘ఉపన్యాస’ గురించి రాయమంటే వక్తృత్వం గురించి రాస్తే సున్నా. ‘ప్రబంధ’ అంటే వ్యాసం. ‘ఇతిహాస’ అంటే చరిత్ర సబ్జెక్టు, రామాయణ భారతాలు కావు. ‘ఉత్తర’ అంటే జవాబు, ‘శేష తారిఖ’ అంటే ఆఖరి తేదీ. మనకు శేషం అంటే ఇంకా మిగిలింది, వాళ్లకు శేష అంటే అయిపోయింది! ‘చేష్టా’ అంటే ప్రయత్నం. మాస్టారు ‘చేష్టా కర’ అంటే వెక్కిరించడం లేదు, ప్రయత్నించమంటున్నారు. ‘రాగ’ అంటే కోపం. ‘అబసర’ అంటే తీరిక, పదవీ విరమణ. ‘అధ్యక్ష’ అంటే కాలేజీలో ప్రిన్సిపాల్. సబ్జెక్టుల పేర్లు కూడా చూసుకోండి: ‘పదార్థ బిజ్ఞాన’ భౌతికశాస్త్రం, ‘ఉద్భిద బిజ్ఞాన’ వృక్షశాస్త్రం, ‘అర్థనీతి’ ఆర్థికశాస్త్రం.

వీటికి జేబులో పట్టే నోట్‌బుక్ ఒకటి పెట్టండి. ఒక పేజీలో మూడు నిలువు వరసలు గీసి, ఒరియా మాటను వినిపించినట్టే తెలుగు లిపిలో, పక్కన ఇంగ్లీషు పదం, దాని పక్కన తెలుగు అర్థం రాయండి. రోజుకు ఎనిమిది మాటలు దాటొద్దు. దాటితే మర్నాడు తెరవబుద్ధి కాదు.

ఇంకో చిక్కు ‘కాలి’. నిన్నకూ రేపటికీ అదే మాట. ‘గతకాలి’ నిన్న, ‘ఆసంతాకాలి’ రేపు. వట్టి ‘కాలి’ అని ఊరుకుంటే ఏ వారమో, ఏ తేదీయో అడిగి ఖాయం చేసుకోండి. గురువారానికి ‘గురుబార’, ఆదివారానికి ‘రబిబార’ అంటారు.

మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్లకు మూడున్నాయి: తు, తుమె, ఆపణ. తోటి కుర్రాళ్లు ముందుగా నేర్పేది ‘తు’. అదే మాటతో ఆఫీసు క్లర్కును పలకరిస్తే మీ ఫైలు అడుక్కి పోతుంది. వయసు తెలియని ఎవరితోనైనా ‘ఆపణ’ అనండి. సీనియర్లను ‘భాయి’, ‘అపా’ అంటే చాలు. క్లాసులో రెండు వాక్యాలు మీ దగ్గర ఉంచుకోండి. ‘బుఝి పారిలి నాహిఁ’, అంటే అర్థం కాలేదు. ‘ఆఉ థరే కుహంతు’, అంటే ఇంకోసారి చెప్పండి. ఒరియాలో అడిగితే, మాట తడబడినా, లెక్చరరు ఇంగ్లీషులోకి మారి మరీ చెబుతారు.

ఫోన్ కెమెరాతో అనువాదం చేసే యాప్‌లు ఒరియాను చదువుతాయి. అచ్చు నోటీసుకు పనికొస్తాయి గాని చేతిరాత దగ్గర తప్పుతాయి. తేదీ, డబ్బు, గది నంబరు మాత్రం యాప్‌కు వదలకండి.

భాషా పేపరు ఎంచుకోమన్నప్పుడు ‘అందరూ ఒరియానే’ అని గుంపులో టిక్కు పెట్టొద్దు. మీ కాలేజీలో ఏయే భాషలున్నాయో లిస్టు అడిగి తీసుకోండి. అక్షరాలు కొత్తగా దిద్దుతున్నవాడు ఒరియా సాహిత్య పేపరు రాయలేడు. మిగతా పేపర్లు ఏ భాషలో రాయవచ్చో కూడా మొదటి నెలలోనే తేల్చుకోండి. లెక్చరరు ఒరియాలో చెప్పి మీరు ఇంగ్లీషులో రాయాల్సి వస్తే, ఆ సాయంత్రమే పాఠ్యపుస్తకంలో అదే భాగం ఇంగ్లీషులో చదవాలి. వారం ఆగితే విన్నదీ పోతుంది, చదివిందీ అతకదు.

గది, తిండి, జ్వరం

హాస్టల్లో తెలుగు పిల్లలంతా ఒక గదిలో సర్దుకోవాలని చూస్తారు. ముగ్గురుంటే ఒకరు ఒరియావాడు ఉండేటట్టు చూసుకోండి. భాష అతని దగ్గర వచ్చినంత బేగి పుస్తకంలో రాదు. సాయంత్రాలు తెలుగు గుంపులో ఎలాగూ కూర్చుంటారు.

మెస్‌లో ఆవనూనె వాసన మొదట్లో పడదు. పప్పు, కూరముక్కలు కలిపి వండే దాల్మా మాత్రం మన ముద్దపప్పుకు చుట్టమే, దానితో మొదలెట్టండి. పఖాళ అంటే నీళ్లు పోసిన చద్దన్నం, కొత్తేం కాదు. ఇంటి నుంచి ఆవకాయ, కందిపొడి తెచ్చుకోండి, కానీ రెండు వారాలకు సరిపడేంతే. డబ్బా నిండా ఉంటే మెస్ కూరకు ఎప్పటికీ అలవాటు పడరు.

గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో మలేరియా ఉంది. వర్షాకాలంలోనే క్లాసులు మొదలవుతాయి కాబట్టి దోమతెర మొదటి రాత్రి నుంచే కట్టాలి. వణుకుతో జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని పడుకోకండి. ఆ రోజే రక్తపరీక్ష చేయించండి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మలేరియా అని తేలితే ఇచ్చిన మందు మొత్తం వాడాలి. రెండో రోజుకు జ్వరం తగ్గిందని ఆపేస్తే మళ్లీ తిరగబెడుతుంది. డాక్టరు చీటీ దాచండి, హాజరు తక్కువైనప్పుడు అదే దిక్కు.

కొరాపుట్, సునాబెడ సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. సముద్రం ఒడ్డు నుంచి వెళ్లేవాళ్లు దుప్పటి ఒకటే తీసుకెళ్లి డిసెంబరులో వణుకుతారు. స్వెట్టరు, మందపాటి రగ్గు దసరా సెలవులకు వచ్చినప్పుడే పట్టుకెళ్లండి.

అక్టోబరు నుంచి పరీక్షల దాకా

ఈ తీరంలో అక్టోబరు తుఫానుల నెల. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర అక్టోబరు 12నే తీరం దాటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి కొండలను ముంచింది. ఇంటర్నల్ పరీక్షలు, అసైన్‌మెంట్లు సరిగ్గా ఆ రోజుల్లోనే పడతాయి. సర్టిఫికెట్లు, ప్రాక్టికల్ రికార్డులు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. హెచ్చరిక రాగానే ఫోన్ నిండా చార్జింగ్ పెట్టి, అసైన్‌మెంట్ గడువు ముందుంటే ఆ రోజే ఇచ్చేయండి. ఇంటికి పరుగెత్తొద్దు. బస్సు దారిలో ఇరుక్కోవడం కన్నా హాస్టల్ మేడ నయం.

సిలబస్ కాగితం మొదటి పేజీలో ఇంటర్నల్‌కు ఎన్ని మార్కులో, చివరి పరీక్షకు ఎన్నో ఉంటాయి. రెండింట్లో విడివిడిగా పాస్ కావాలా, కలిపితే చాలా అన్నది అక్కడే చూడాలి. ప్లస్ టూలో లాగా చివరి నెలలో చదివి లాగేయడం ఇక్కడ కుదరదు. ఇంటర్నల్ మార్కులు అప్పటికే వేసేసి ఉంటారు. ప్రాక్టికల్ రికార్డు మీద ప్రతి వారం సంతకం పెట్టించుకోండి. చివర్లో పన్నెండు ప్రయోగాలు ఒకేసారి పట్టుకెళితే ఎవరూ పెట్టరు.

పరీక్ష ఫారం నింపడాన్ని ఇక్కడ ‘ఫారం ఫిలప్’ అంటారు. గడువు కొద్ది రోజులే ఉంటుంది, దాటితే జరిమానా, ఇంకా దాటితే ఆ సెమిస్టర్ పరీక్షే లేదు. పూజ సెలవుల తర్వాత రోజూ ఒకసారి కాలేజీ వెబ్‌సైట్, ఒకసారి నోటీసు బోర్డు చూడండి. స్నేహితుడు పంపుతాడని కూర్చోవద్దు, అతనూ మీ మీదే ఆధారపడి ఉంటాడు. ఫారంలో పేపరు కోడ్‌లు సిలబస్‌తో పోల్చుకోండి. మైనర్ పేపరు కోడ్ ఒక్క అంకె తప్పితే హాల్ టికెట్‌లో వేరే సబ్జెక్టు వస్తుంది.

సంక్రాంతి సంగతి ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. మనకు భోగి, పెద్దపండగ, కనుమ కలిపి మూడు రోజులు. ఇక్కడ మకర సంక్రాంతికి ఒక్క రోజే సెలవు. పరీక్షలు డిసెంబరు, జనవరిల్లో పడితే పండగ మర్నాడే పేపరు ఉండొచ్చు. టైంటేబుల్ రాగానే ఫొటో తీసి అమ్మకు పంపేయండి. ‘చుట్టపుచూపుకు వస్తావా’ అని ఒక మాట అంటారు, పడాలి.

ఫలితాలు వచ్చాక మార్కులకన్నా ముందు మెమో మీద పేరు, తండ్రి పేరు అక్షరం అక్షరం చూడండి. తప్పుంటే రెండో సెమిస్టర్ ఫారం ఫిలప్‌లోపే దిద్దించాలి. అప్పుడైతే కాలేజీ ఆఫీసులో ఒక దరఖాస్తుతో పోతుంది, డిగ్రీ అయ్యాక యూనివర్సిటీ మెట్లు ఎక్కాలి. ఒక పేపరు పోయి ఉంటే ‘బ్యాక్ పేపర్’ ఫారం ఎప్పుడు ఇస్తారో ఆ రోజే అడిగి తేదీ రాసుకోండి. ఆ తేదీ రెండో సెమిస్టర్ ఫారంతో కలిసి రావొచ్చు, విడిగా రావొచ్చు.